ఆకాశశ్రవణమునకు ఏ యంత్రము కొనవలెను?

సోదరీమణులారా! వీణ, కుట్టుయంత్రము, పెరటి తోట మొదలగువానికి వలయు సామగ్రిని గూర్చి మనలో మనము ఎన్నియో మార్లు ముచ్చటించుకొనియున్నాము. నేడు నేను వ్రాయబూనినది, రేడియో వినుటయే వేడుకగా గలవారికి వలయు నొక చిన్న యంత్రమును గూర్చి. పాటలకును వార్తలకును రేడియో వినుట వేఱు; ఆకాశమున ఎవ్వరెవ్వరు ఏయే మూలలనుండి పలుకుచున్నారో వెదకి వెదకి వినుట వేఱు. ఈ రెండవది మగవారి వ్యాపకమని లోకమున నొక వాడుక కలదు. ఆ వాడుకకు ఆధారమేమో నాకు తెలియదు. మధ్యాహ్నము రెండు గంటల వేళ, వంటయిల్లు కడిగి, పిల్లలు బడినుండి రాకముందు, ఇల్లంతయు నిశ్శబ్దముగా నుండు ఆ గడియ మనదే గాని వారిది కాదు గదా!

తార్కికులు శబ్దమును ఆకాశమునకు గుణముగా నెంతురు. ఈ మాట రేడియోకు చక్కగా నతుకునట్లు తోచును గాని, అతుకదు. మన ఏరియలును వచ్చి తాకునది శబ్దము కాదు. వెలుతురు జాతికి చెందిన విద్యుదయస్కాంత తరంగము. దానినుండి శబ్దమును తిరిగి పుట్టించుటయే రేడియో చేయు పని. పాత రేడియోలలో ఈ పనినంతయు తీగచుట్టలును, కండెన్సరులును, ట్రాన్సిస్టరులును చేసెడివి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క భాగము. భాగము మార్చినగాని పని మారదు. ఇప్పుడు నేను చెప్పు క్రొత్త జాతి రేడియోలో, ఏరియలునుండి వచ్చినదానిని యంత్రము కొలిచి, క్షణమునకు లక్షలకొలది అంకెలుగా మార్చి కంప్యూటరునకు పంపును. తరువాతి పనియంతయు, అనగా వలసిన నిలయమును వేఱుచేయుట, దానినుండి మాటను పైకి తీయుట, గురగురను తగ్గించుట, కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు లెక్కలతోనే చేయును. అందుచేతనే దీనికి సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో యని పేరు. పొడి అక్షరములలో ఎస్.డి.ఆర్. యందురు. నీరక్షీరములను వేఱుచేయు హంస ఇక్కడ లోహముతో చేసినది కాదు, గణితముతో చేసినది.

ఇది బీదల యింటికి వచ్చిన కథ వినదగినది. కంప్యూటరులో టెలివిజను చూచుటకై ఐరోపా దేశములలో వ్రేలెడు పొడవు యు.ఎస్.బి. డాంగిలులు అమ్మెడివారు. వానిలో రియల్‌టెక్ కంపెనీవారి ఆర్.టి.ఎల్. 2832యు అను చిప్పు ఉండెడిది. 2012లో ఫిన్లండు దేశీయుడైన అంట్టి పాలొసారి, ఆ చిప్పు తాను కొలిచిన ముడి అంకెలను ఉన్నవి యున్నట్లు కంప్యూటరునకు పంపగలదని కనిపెట్టెను. ఆస్మోకామ్ అను పేరుతో పనిచేయు స్వచ్ఛంద ప్రోగ్రామరులు దానికి వలసిన సాఫ్ట్‌వేరును వ్రాసి యందఱకు ఉచితముగ నిచ్చిరి. అంతకుముందు చాల సొమ్ము పోసినగాని దొరకని సాధనము ఆ యేట ఇరువది డాలర్ల వస్తువయ్యెను. టెలివిజను చూచుటకు పుట్టినది లోకమునంతయు వినుటకు పనికివచ్చుట చమత్కారమే.

ఇక మా యింటి సంగతి. మాది కాకినాడ. మా వారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. ఉపాధ్యాయుని జీతమున వేడుకల కెంత మిగులునో మీకు నేను చెప్పనక్కరలేదు. సాయంకాలములందు నలుగురు పిల్లలకు సంస్కృతము చెప్పి నేను కూడబెట్టిన సొమ్ము 6,000 రూపాయలు. గ్రైండరు రాయి అరిగిపోయి యొక సంవత్సరమైనది. ఆ సొమ్ము దానికనియే అందఱును తలచుచుండిరి. నేను డాంగిలు మాట యెత్తగానే మా వారు "నీ సొమ్ము, నీ యిష్టము" అనిరి. ఈ మాట పైకి అనుమతివలె నుండును గాని, వ్యర్థమైనచో భారమంతయు మన తలమీదనే పడును. మా అత్తగారు మాత్రము ముఖముననే అడిగిరి: "అమ్మాయీ, మనింట్లో రేడియో లేదా? ఉన్నదానికి తోడు ఇంకొకటెందుకు? దీనివల్ల ఇంటికేమిటి లాభం?" ఆ ప్రశ్నకు నా యొద్ద అప్పుడు సమాధానము లేదు. వేడుకకు లాభమేమని మగవారి చదరంగమును, చీట్లపేకను ఎవ్వరు నడుగరు. కాని అడిగినది పెద్దావిడ, అడుగుటలో న్యాయమును లేకపోలేదు. అందుచేత ఒక్క రూపాయియు వ్యర్థము కాకుండ కొనవలెనని పట్టుపట్టి, ఆఱు నెలలు ఏమియు కొనకయే గడపితిని.

కొనకయే వినవచ్చును, మొదట చెప్పవలసినది ఇదియే. హాలండు దేశమున ఎన్‌షెడే పట్టణములోని ట్వెంటె విశ్వవిద్యాలయమువారి గ్రాహకమొకటి 2008లో ఇంటర్నెట్టుమీదికి వచ్చెను. నడుమ కొంతకాలము ఆగి, 2012లో మరల వెలసినది. సున్న మొదలు 29 మెగాహెర్ట్జులదాక దానిని మన యింటినుండి మనమే త్రిప్పుకొని వినవచ్చును, రుసుము లేదు. కివి ఎస్.డి.ఆర్. అను గ్రాహకములను కూడ లోకమున పలుచోట్ల ఔత్సాహికులు ఇట్లే తెఱచి యుంచినారు. నేను ఆ ఆఱు నెలలును వీనిమీదనే చెవిని సానపట్టుకొంటిని. సింగిల్ సైడ్‌బ్యాండు మాట మొదట బాతు అఱపువలె వినబడును; ముల్లును వెండ్రుకవాసి జరుపగా మనిషి గొంతుకగును. ఏడు మెగాహెర్ట్జుల దగ్గఱ ఔత్సాహికులు దిగువ సైడ్‌బ్యాండును, పదునాలుగు దగ్గఱ ఎగువ సైడ్‌బ్యాండును వాడుదురు. తెరపై జలపాతమువలె జాఱు చిత్రములో సన్నగీతలు నిలయములనియు, మబ్బువలె పఱచుకొనినది గోల యనియు కన్ను గుర్తుపట్టుటకు రెండు వారములు చాలును. ఈ సాధన లేక యంత్రము కొన్నవారిలో పెక్కురు, దానిని నెల తిరుగకముందే సొరుగున పడవైచుదురు.

ఇక ఎంపిక. యంత్రముల పేర్లు వినక పూర్వము, నేనేమి వినగోరుచున్నానను ప్రశ్నకు ఒక్క వాక్యములో జవాబు వ్రాసికొనవలెను. చీరెల దుకాణమునకు పెండ్లికా, వంటింటికా యని తెలియక పోవువారికి మిగులునది పశ్చాత్తాపమే.

ఆర్.టి.ఎల్.-ఎస్.డి.ఆర్. బ్లాగువారు అమ్ము డాంగిలు అన్నిటికంటె చవుక. వారి నాలుగవ కూర్పు 500 కిలోహెర్ట్జులు మొదలు 1766 మెగాహెర్ట్జులదాక వినును. ఒక్కసారిగా సుమారు 2.4 మెగాహెర్ట్జుల వెడల్పును తెరపై చూపును. అయితే దీని కొలత 8 బిట్లది. అనగా వచ్చినదానిని 256 మెట్లలో కొలుచును. కూరగాయల తక్కెడలో ఏలకులు తూచినట్లు. ఏలకులే తూచునప్పుడు బాధ లేదు; ప్రక్కనే గుమ్మడికాయ పెట్టినచో, అనగా దగ్గఱలో బలమైన ప్రసారకేంద్ర మున్నచో, ఏలకుల లెక్క తెలియదు. ఇంగ్లండువారి ఎస్.డి.ఆర్.ప్లే కంపెనీ చేయు ఆర్.ఎస్.పి. 1బి 14 బిట్లది, 16,384 మెట్లు, ఒక కిలోహెర్ట్జునుండి 2 గిగాహెర్ట్జులదాక వినును, వెల నూఱు డాలర్లకు పైమాట. ఎయిర్‌స్పైవారి హెచ్.ఎఫ్. ప్లస్ డిస్కవరి హ్రస్వతరంగములకు చెవి యొగ్గుటలో మిక్కిలి నేర్పరి. కాని అది 31 మెగాహెర్ట్జుల వఱకును, మరల 60 నుండి 260 వఱకును మాత్రమే వినును. విమానముల జాడ తెలుపు 1090 మెగాహెర్ట్జులు దానికి అందవు. వెలయెక్కువ గనుక అన్నియు వినుననుకొనరాదని చెప్పుటకే దీని నుదాహరించితిని. హాక్ ఆర్.ఎఫ్. వన్ అను నింకొకటి కలదు. అది వినుటయే గాక పలుకను గలదు. మనకు పలుకుటతో పని లేదు. దానికి లైసెన్సు వలయును. కొలతయు 8 బిట్లదే. దాని జోలికి పోవలదు.

నా తీర్పు సూటిగా చెప్పుచున్నాను. మొదటి యంత్రము చవుక డాంగిలే కావలెను. ఒక యేడు విన్న పిదప, నా మనస్సు హ్రస్వతరంగములమీదనే యున్నదని రూఢియైనవారు అప్పుడు ఎయిర్‌స్పై కొనవచ్చును. ముందే కొన్నచో ఆ సొమ్ము గౌరవమునకు పెట్టినదే గాని వినికిడికి పెట్టినది కాదు.

చవుక యన్నంత మాత్రమున నకిలీని కొనరాదు. మా వీథిలోని యొక విద్యార్థికి ఒక విక్రేత అదే రంగు డబ్బా, అవే అక్షరములు గల వస్తువును అంటగట్టెను. లోపల స్థిరమైన స్ఫటికము లేదు. యంత్రము వేడెక్కిన కొలదియు నిలయము ముల్లునుండి జాఱిపోవుచుండెను. హ్రస్వతరంగములు ఏమాత్రమును రాలేదు. అసలుదానిలో ఒక పిపిఎమ్ కచ్చితము గల స్ఫటికముండును. పదిలక్షలలో నొక పాలు మించి తప్పదని దాని యర్థము. తయారీదారులు తమ విక్రేతల నెవ్వరినో తామే ప్రకటింతురు. ఆ పట్టికలోని వారియొద్దనే కొనవలెను. యాబది రూపాయలు తగ్గునని ఇతరులయొద్దకు పోరాదు. డాంగిలు చేయి కాలునంత వేడెక్కుట మాత్రము దోషము కాదు. దాని లోహపు డబ్బాయే వేడిని వెడలగొట్టు సాధనము.

నాకు డాంగిలును, దానితో వచ్చు జాపుడు ఏరియళ్ల జతయును కలిపి సుమారు 4,500 రూపాయలైనవి. మిగిలిన సొమ్ములో కొంత తీగకును, కేబులుకును పోయినది. ఈ రెండవ ఖర్చే ముఖ్యమైనది. వెయ్యి రూపాయల ఏరియలు గల చవుక డాంగిలు, ఏరియలు లేని పదివేల రూపాయల యంత్రముకంటె ఎక్కువ వినును. హ్రస్వతరంగములకు మేడమీద పది మీటర్ల తీగ చాలును. దానికిని కేబులుకును నడుమ తొమ్మిదింట నొకటి యను చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంచినచో మఱియు మంచిది. తీగ విద్యుత్తు స్తంభముల తీగలకు ఎంత దూరమున నుండిన అంత మేలు. వానిమీద తెగిపడు అవకాశమున్న చోట కట్టనేరాదు, ప్రాణాపాయము.

మొదటి రాత్రి నాకు విననైనది గోల మాత్రమే. ఆ గోల ఆకాశమునుండి వచ్చినది కాదు, మా యింటిదే. దాని నరసిన విధము మీకును పనికివచ్చును. ల్యాప్‌టాపును చార్జరునుండి తీసి బ్యాటరీమీద నడపుచు, మా అమ్మాయిని మీటల దగ్గఱ నిలిపి, ఒక్కొక్క గదికి విద్యుత్తు ఆపించుచు తెరను చూచితిని. నడవలోని ఎల్.ఇ.డి. దీపము ఆఱగనే మబ్బులో సగము తొలగెను. సెల్‌ఫోను చార్జరొకటి, ఏమియు తగిలింపకయే గోడకు వ్రేలాడుచు, ఇరువది కిలోహెర్ట్జుల కొకటి చొప్పున కమ్మలవలె గీతలు గీయుచుండెను. ఫ్యాను రెగ్యులేటరు, ఇన్వర్టరు, ప్రక్కయింటివారి మిక్సీ, వీనిలో ప్రతిదానికిని ఒక్కొక్క ముద్ర గలదు. ఇప్పుడు తెర చూచి ప్రక్కింట పచ్చడి రుబ్బుచున్నారని చెప్పగలను! దీపము మార్చుటకు 120 రూపాయలైనది. డాంగిలును కంప్యూటరుకు నేరుగా గ్రుచ్చక, రెండు మీటర్ల యు.ఎస్.బి. తీగతో దూరముగా నుంచి, ఆ తీగకు ఫెరైటు ఉంగరములు తొడిగితిని. ఇన్ని చేసిన పిదప గాని ఏడు మెగాహెర్ట్జులమీద మనవారి గొంతుకలు తేటపడలేదు.

సాఫ్ట్‌వేరునకు సొమ్ము పెట్టవలసిన పని లేదు. ఎస్.డి.ఆర్. ప్లస్ ప్లస్ అనునది విండోసు, లినక్సు, మాక్ మూడింటను నడచును; ఉచితము; తెర పరిశుభ్రముగా నుండును. మొదటివారికి నేను దీనినే చెప్పుదును. విండోసునకు మాత్రమే యైన ఎస్.డి.ఆర్. షార్ప్‌లో గోల తగ్గించు ఉపాయములెక్కువ, మీటలును ఎక్కువే. లినక్సువారికి జీక్యూఆర్‌ఎక్స్ కలదు. విండోసులో డ్రైవరు పెట్టుటకు జాడిగ్ అను చిన్న ప్రోగ్రాము వలయును. అందు "బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ సున్న" అను పేరునే యెన్నుకొనవలెను. మౌసునో కీబోర్డునో యెన్నుకొన్నచో అది పనిచేయుట మానును. నాలుగవ కూర్పు డాంగిలునకు క్రొత్త డ్రైవరే కావలెను, పాతదానితో చెవిటిదగును. తరువాత గెయిను అను మీటను యంత్రమునకే విడువక చేతితో సరిచూచుకొనవలెను: గోల పెరుగునుగాని నిలయము పెరుగని చోట ఆగి, ఒక మెట్టు దిగవలెను. పోపు ఘాటు సరిచూచుకొను వారికి ఇది నేర్పనక్కరలేదు. మా వారి పాత ల్యాప్‌టాపు పదేండ్లది. వెడల్పును ఒక మెగాహెర్ట్జునకు తగ్గించినచో తడబడక నడచుచున్నది.

మా అత్తగారి ప్రశ్నకు జవాబు హ్రస్వతరంగములనుండి రాలేదు, సముద్రమునుండి వచ్చినది. మా మఱిది సరకుల ఓడలో ఇంజనీరు. కాకినాడ రేవునుండి బియ్యము విదేశములకు పోవును. ఆ యెగుమతికై వారి ఓడ ఈ వారములో రావచ్చునని మాత్రము తెలిసినది. సముద్రముమీద ఫోను పలుకదు. మా అత్తగారు మూడు దినములు భోజనము సరిగా చేయలేదు. అంతర్జాతీయముగా తిరుగు 300 టన్నులు దాటిన ఓడలన్నియు తమ స్థానమును, వేగమును రేడియోద్వారా చాటుచుండవలెనను నియమ మొకటి కలదు, ఎ.ఐ.ఎస్. అందురు. ఒకదానితో నొకటి ఢీకొనకుండుటకై అందఱును వినవలెననియే చాటు మాట అది, రహస్యము కాదు. 161.975, 162.025 మెగాహెర్ట్జులు దానికి కేటాయింపబడినవి. నడచుచున్న ఓడ కొన్ని సెకన్లకొకమారు తన చోటును, ఆఱు నిమిషములకొకమారు తన పేరును చెప్పును. జాపుడు ఏరియలును 46 సెంటీమీటర్లకు నిలువుగా జాపి మేడమీద నిలిపితిని. ఎ.ఐ.ఎస్. క్యాచర్ అను ఉచిత ప్రోగ్రాము పటముమీద ఓడలను చుక్కలుగా చూపెను. మా మేడనుండి సుమారు ముప్పది కిలోమీటర్ల మేర అందుచున్నది. హోప్ ద్వీపమునకు ఆవల లంగరు వేసిన ఓడలన్నియు తెరమీదికి వచ్చినవి.

మా అత్తగారికి ఇంగ్లీషు అక్షరములు రావు. ఓడ పేరును నేను పెద్ద అక్షరములతో కాగితముమీద వ్రాసి యిచ్చితిని. ఆ యాకారములను తెరతో పోల్చిచూచుచు ఆమె కూర్చుండిరి. రెండవనాటి సందెవేళ, నేను దీపము వెలిగించుచుండగా "ఇదేనా చూడు" అని కేకవేసిరి. అదియే. చుక్క పశ్చిమమునకు తిరిగి, మెల్లమెల్లగా నడచి, రాత్రి తొమ్మిదిన్నరకు ఆగినది. ఆగువఱకును ఆమె లేవలేదు. మా మఱిది ఫోను వచ్చునప్పటికి దాదాపు పన్నెండు. "నువ్వు తొమ్మిదిన్నరకే వచ్చావుగా, తిన్నావా?" అని వారు అడుగగా ఆవల అతడు కొంతసేపు మాటాడలేదు. మఱునాడు మా అత్తగారు నన్ను డబ్బా వెల అడిగిరి, చెప్పితిని. ఏమియు అనలేదు. గ్రైండరు రాయి మాట ఆ తరువాత ఎత్తలేదు. ఇప్పటికిని అది అట్లే యున్నది. పిండి కొంచెము బరకగానే వచ్చుచున్నది.

ఈ పనికి ఖరీదైన యంత్రమేదియు అక్కరలేదని మీరు గమనింపవలెను. చవుక డాంగిలు, మూరెడు ఊచ, ఎత్తైన చోటు, అంతే.

వినదగినదియు వినరానిదియు గలదు. అందఱకు చాటునది వినవచ్చును. ఇద్దఱు తమలో తాము మాటాడుకొనునది గోడకు చెవి యానించి విన్నట్లే. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము అనుమతి లేకుండ ఇతరుల సందేశములను పట్టుటను నేరముగా చెప్పుచున్నది. పలుకగోరువారు ఔత్సాహిక రేడియో పరీక్షకు కూర్చుండి లైసెన్సు పొందవలెను. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ యీ విద్యను నేర్పుచున్నది, స్త్రీలును నేర్చుకొనవచ్చును.

మఱియొకటి. ఈ డాంగిలుతో అమెరికావారి నోవా ఉపగ్రహములనుండి మేఘముల చిత్రములు పట్టవచ్చునని వ్రాతలు పెక్కు కానవచ్చును. 137 మెగాహెర్ట్జులమీద ఆ చిత్రములను పంపుచు వచ్చిన నోవా 15, 18, 19 మూడును 2025లో విశ్రమించినవి. ఆ వ్రాతలు నమ్మి మేడమీద రాత్రులు కాచుకొనకుడు. రష్యావారి మెటియోర్-ఎం ఉపగ్రహములు ఇప్పటికిని అదే ప్రాంతమున చిత్రములు పంపుచున్నవి. ఏరియలు రెండు ఊచలను 53 సెంటీమీటర్లకు జాపి, నడుమ 120 డిగ్రీల కోణముంచి, నేలకు సమాంతరముగా ఉత్తరదక్షిణములకు అమర్చి, శాట్‌డంప్ అను ఉచిత ప్రోగ్రాముతో చూచితిని. బంగాళాఖాతముమీది మబ్బు మొదటిమారు తెరపై దిగినప్పుడు మా అమ్మాయి పాఠములు మఱచి కూర్చుండెను. మా వారును చూచిరి. ఏడవ తరగతి భూగోళమునకు పనికివచ్చునని ఆ చిత్రమును బడికి తీసికొనిపోయిరి.

ఉఱుములు వినబడగనే ఏరియలు తీగను యంత్రమునుండి ఊడదీసి కిటికీ బయట పెట్టవలెను. మీట ఆపినంత మాత్రము చాలదు. ఇక కార్తీకపు తుపానులు వచ్చు మన తీరమున, డాంగిలు వచ్చినదిగదా యని ఇంటిలోని బ్యాటరీల ట్రాన్సిస్టరును మాత్రము పాతసామానువానికి వేయకుడు. విద్యుత్తు పోయి ల్యాప్‌టాపు చల్లబడిన రాత్రి, గాలివాన ఎటు తిరిగినదో చెప్పునది అదియే. మా యింట నది వంటయింటి అలమరలో, అగ్గిపెట్టెల ప్రక్కన, క్రొత్త బ్యాటరీలతో నున్నది.